ప్రాణం పోతేనే వీరత్వమా?

మన ఉత్తరాంధ్రలో వీరుడి కథ వీరుడి చావుతోనే పూర్తవుతుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో అక్కడి రాజు రంగారావు, 1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చినవిజయరామరాజు. బుర్రకథ చెప్పినా, సభలో ఉపన్యాసం దంచినా ఈ చావుల దగ్గరే గొంతు పెరుగుతుంది. సేనాని గొప్పదనానికి అతని మరణమే రుజువని మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం తప్పు. సైన్యంలో చేరాలని తెల్లారకముందే శ్రీకాకుళం రోడ్ల మీద పరుగు తీస్తున్న కుర్రాళ్లకు అది నేర్పకూడని పాఠం.

1987 అక్టోబరులో శ్రీలంకలో జరిగిన రెండు సంగతులు చూడండి. జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో 11వ తేదీ అర్ధరాత్రి దాటాక మన సైన్యం హెలికాప్టర్ల నుంచి 30 మంది సిక్కు సైనికులను దింపింది. తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈ ముందే కాచుకుని ఉంది. వెనక రావలసిన బలగం దిగలేకపోయింది. ఆ 30 మందిలో 29 మంది నేలకొరిగారు, ఒక్కరు పట్టుబడ్డారు. వాళ్ల ధైర్యంలో లోపం వెతికేవాడు మూర్ఖుడు. లోపం వాళ్లను అక్కడికి పంపిన పథకానిది.

పది రోజులకు, అదే జాఫ్నాలో, అక్టోబరు 21 రాత్రి మెరైన్ కమాండోల లెఫ్టినెంట్ అరవింద్ సింగ్ తన జట్టుతో గురునగర్ జెట్టీ మీదికి వెళ్లారు. ఆ దళం పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 18 మంది జెమినీ రబ్బరు పడవల్లో బయలుదేరి, పేలుడు సామగ్రి ఉన్న రెండు చెక్క తెప్పలను వెనక లాక్కెళ్లారు. జెట్టీకి పోయే కాలువ మొదట్లో కొందరే తెప్పల మీదికి మారి, మందుపాతరలు తప్పించుకుంటూ, గడకర్రలు పోటేస్తూ లోపలికి పోయారు. జెట్టీకీ అక్కడున్న ఎల్టీటీఈ స్పీడుబోట్లకీ పేలుడు సామగ్రి కట్టారు. శత్రువు పసిగట్టాడు. కాల్పులతో అతన్ని అణిచిపెట్టి, పేల్చేసి, అందరూ తిరిగొచ్చారు. రెండు రాత్రుల తర్వాత, కాపలా పెరిగిందని తెలిసీ, మిగిలిన బోట్ల కోసం కమాండోలు ఈదుకుంటూ మళ్లీ వెళ్లారు. ఈసారి కొందరికి చిన్న గాయాలయ్యాయి. అంతే. అరవింద్ సింగ్‌కు మహావీర చక్ర వచ్చింది. ఆ కమాండోల స్థావరం ఒకటి, ఐఎన్ఎస్ కర్ణ, మన భీమిలిలోనే ఉంది. అయినా గురునగర్ పేరు మన సభల్లో వినపడదు.

బతికి రావడం అదృష్టమంటారు కొందరు. యుద్ధంలో అదృష్టానికి చోటు లేదని నేనూ అనను. కానీ గడకర్రతో నెట్టే తెప్పను ఎంచుకోవడం, లోపలికి కొందరినే తీసుకెళ్లి మిగతావాళ్లను బయట ఉంచడం, పని కాగానే వెనుదిరగడం అదృష్టం కాదు. నాయకత్వమంటే అదే.

చచ్చేదాకా నిలబడటం ఒక్కటే గొప్పదైతే బొబ్బిలిలో దాని ఖరీదు కూడా చెప్పాలి. కోట నిలవదని తేలాక ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకున్నారు. కథలో దాన్ని పౌరుషం కింద రాసుకున్నాం. ఆ పిల్లల వైపు నుంచి ఒక్కసారైనా ఆలోచించామా? అటు పద్మనాభం యుద్ధం తర్వాత విజయరామరాజు చిన్న వయసు కొడుకు నారాయణబాబును కాశీపురం వైపు కొండల్లోకి దాటించినవాళ్లున్నారు. కొండ జమీందార్లు అండగా నిలవబట్టే ఈస్టిండియా కంపెనీ రాజీకి దిగింది, తరిగిపోయిన జమీందారీ అయినా విజయనగరానికి దక్కింది. ఆ కాపాడినవాళ్ల మీద బుర్రకథ ఏదీ?

ఇది అమరులను తక్కువ చేయడం కాదు. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. ఆయన పేరు వింటే గుండె బరువెక్కుతుంది. అయితే చైనా సేనలు మాట ప్రకారం వెనక్కి తగ్గాయో లేదో చూడడానికి వెళ్లిన అధికారి ఆయన. అంతకుముందు వాళ్లతో చర్చల్లో కూర్చున్న అధికారి. విగ్రహం కింద మరణించిన తేదీతో పాటు ఆ పని కూడా చెక్కాలి.

మన ఊళ్లలో హవల్దార్లుగా, సుబేదార్లుగా పనిచేసి పెన్షన్ మీద వచ్చినవాళ్లు వీధికొకరున్నారు. ఆగస్టు 15న కుర్చీ వేసి, శాలువా కప్పి పంపేస్తాం. ఈసారి మైకు వాళ్లకివ్వండి. ఏ రాత్రి ముందుకెళ్లలేదో, ఎందుకెళ్లలేదో, ఎవరిని భుజాన వేసుకుని మోసుకొచ్చారో ఆ పరుగు తీసే కుర్రాళ్ల ముందు చెప్పించండి.