కారునకు నాడిపరీక్ష



నేడు మనలో పెక్కురు కార్లు నడుపుచున్నారు. నడపనేర్చిన వారికి దాని రోగలక్షణము లెఱుగుటయు నవసరమే. కావున నీ మాసము పెట్రోలు ఒత్తిడి తగ్గుటను గూర్చి ముచ్చటింతము.

ఇప్పటి పెట్రోలు కార్లలో పంపు సాధారణముగా ట్యాంకులోనే యుండును. అది విద్యుచ్ఛక్తితో బనిచేయుచు పెట్రోలును ఫిల్టరు గుండ ఇంజెక్టర్లకు బంపును. అవి దానిని సన్నని తుంపురులుగా జిమ్మవలెనన్న దగిన యొత్తిడి యుండవలెను. పెక్కు కార్లలో నిది 3 మొదలు 4 బార్ల వఱకు నుండును. మీ కారున కెంత యుండవలెనో తయారుచేసినవారి మరమ్మతు పుస్తకమే ప్రమాణము.

ఒత్తిడి తగ్గినచో ఇంజను చాలసేపు తిరిగినగాని స్టార్టు కాదు. మిట్ట యెక్కునపుడు బలము చాలదు. వేగము పెంచబోవ కుదుపులు కలుగును. లారీని దాటునపుడు బలముడిగినచో బ్రాణాపాయము గదా!

అయితే స్పార్కు ప్లగ్గులు చెడినను నించుమించుగా నీ లక్షణములే కనబడును. నాడి చూడక మందిచ్చు వైద్యుని నమ్ముదుమా? అట్లే ఒత్తిడి కొలువకయే “పంపు మార్చవలె”నను మాటకు వేలకొలది రూపాయలు ధారపోయరాదు.

మొదట తాళమును ఇంజను స్టార్టు కాకుండ “ఆన్” మెట్టు వఱకు త్రిప్పి, వెనుక సీటువైపు చెవి యొగ్గుడు. పెక్కు కార్లలో రెండు సెకండ్లపాటు సన్నని రొద వినవచ్చును. వినరానిచో ఫ్యూజు, రిలే, తీగెలు పరీక్షింపవలెను. రొద వినబడినంతమాత్రమున బంపు బాగున్నదనుకొనరాదు.

పిమ్మట మెకానిక్కుచే గేజి పెట్టి కొలిపింపుడు. ఇంజను నడుచుచుండగా నంకె తక్కువయైనచో ఫిల్టరు పూడియుండవచ్చును, పంపునకు విద్యుత్తు చాలకుండవచ్చును, రెగ్యులేటరు చెడియుండవచ్చును. లేదా పంపే నీరసించియుండవచ్చును. ఇంజను ఆపినవెంటనే యంకె పడిపోయినచో ఎచ్చటనో ఇంజెక్టరో కవాటమో కాఱుచున్నదని యర్థము.

గొట్టములు మాత్రము మీరు విప్పకుడు. ఒత్తిడిలోనున్న పెట్రోలు చిమ్మి నిప్పంటుకొనును. పెట్రోలు వాసన వచ్చినచో ఇంజను నాపి, దూరముగా దొలగుడు.

ట్యాంకులోని పెట్రోలే పంపును జల్లబఱచును గనుక నది పాతికవంతునకు దగ్గనీయకుండుట మేలు.

పుస్తకములోని యంకె యెంత? గేజి చూపిన యంకె యెంత? ఈ రెండును కాగితముపై వ్రాసి యిచ్చిన పిదపనే పంపు మార్చుటకు సమ్మతింపుడు.