పాత కంప్యూటర్లు – మన పూనిక

భవానీపురపు బడులలో మూలబడిన కంప్యూటర్లు పెక్కింట చెడిన దేమియు లేదు. వానిని నడపించు మూలప్రోగ్రామగు కెర్నెలును కూర్చి యిచ్చువారు తగ్గిపోవుచున్నారు. 2025 ఆగస్టున వెలువడిన డెబియన్ 13 పాత 32 బిట్ల పీసీలకు కెర్నెలును, ఇన్‌స్టాలరును ఇచ్చుట మానినది. శ్రమదానముచే సాగు ఆ సంస్థను మేము నిందింపము. లైనక్సు సోర్సుకోడు లోకమున కంతటికిని తెఱచియున్నది. అందు 32 బిట్ల భాగ మింకను గలదు. కావున ఆ పని మనమే చేసికొనవచ్చును.

అయితే ముసలి యంత్రము తన కెర్నెలును తానే కంపైలు చేయబూనిన దినములు గడచును. మెమరీ చాలక నడుమనే నిలిచిపోవుటయు గలదు. దీనికి క్రాస్ కంపైలింగు ఉపాయము. డెల్టా రైతున కిది వింతగాదు: నారు ఒక మడిలో పోసి వేఱొక చేనిలో నాటును గదా! అట్లే చురుకైన యంత్రముమీద, మందయంత్రపు ప్రాసెసరు గ్రహింపగల ఆజ్ఞలతో కెర్నెలును సిద్ధపఱచి తెచ్చి యెక్కింతురు. నాటు నేల నెఱుగవలెను: ఆ పీసీలోని డిస్కునకును, నెట్‌వర్కు కార్డునకును వలయు డ్రైవర్లనుంచి తక్కినవి విడిచినచో కెర్నెలు తేలికయగును.

కొత్తవి కొనుడని చెప్పుట సులభము. కొనలేని బడి మాటయేమి? ఒకనాటి యుత్సాహమును చాలదు. భద్రతా సవరణ వచ్చినప్పుడెల్ల కెర్నెలును మరల కూర్పవలెను. ఊడ్చి విడిచిన చేను పండదు. తెలుగున ఆపరేటింగు సిస్టమును వెలువరించిన స్వేచ్ఛ యుద్యమము సంఘశక్తిని చూపియున్నది. బెజవాడ ఇంజనీరింగు విద్యార్థులు ఒక శీఘ్రయంత్రమును ఇందుకై నిలిపి, పేటకొక జట్టుగా పూనుకొందురుగాక. ఒరులు విడిచినదానిని నిలుపుకొనజాలనివారికి స్వావలంబనము నోటిమాటయే.