వెనిస్: ఊరికే టికెట్!

మ్యూజియానికి టికెట్ మామూలే. వెనిస్ ఏకంగా ఊరికే టికెట్ పెట్టింది. 2024లో 29 రోజులు, మనిషికి 5 యూరోలు. 2025లో 54 రోజులు; చివరి మూడు రోజుల్లో కొంటే 10. పగలు వచ్చి పోయేవాళ్లకే ఇది, రాత్రి బస చేస్తే మినహాయింపు.

రద్దీ తగ్గుతుందా? డౌటే. విమానం దిగినవాడు 10 యూరోలకు వెనక్కి పోతాడా? అసలు సమస్య ఇళ్లది. 1951లో పాత నగరంలో దాదాపు 1,75,000 మంది. ఇప్పుడు 50 వేలలోపే. ఇళ్లు టూరిస్టుల అద్దె గదులవుతున్నాయి.

యూరప్‌లో చదువుతూ వీకెండ్‌కి వెళ్లే మనవాళ్లు లెక్క వేసుకోండి: వాటర్ బస్సు 75 నిమిషాల టికెట్టే 9.50 యూరోలు. కాబట్టి నడవండి. శాన్ మార్కో పక్కన కూర్చోకుండా, సందుల్లోని ‘బాకరో’లో నిలబడి ఉల్లి, వెనిగర్‌లో ఊరిన సార్డిన్ చేప తినండి. జేబుకీ మంచిది, ఊరికీ మంచిది.