మనం పాడే పాటలో మనం ఎక్కడున్నాం?

(బొగ్గుబాయి రాతలు – 23)



పోయిన వారం రిజర్వేషన్ మీద రాసింది చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగాడు: "అన్నా, ఉద్యమంలో ఉన్నోడివి, చర్చి ముచ్చట నీకెందుకే?" ఎందుకంటే మా కాసిపేట నుంచి సోమగూడెం, బెల్లంపల్లి దాకా మన వాడలోళ్లు వారం వారం పిలవకుండా ఒక్కచోట కూడేది మందిరంలోనే. యూనియన్ మీటింగుకు రాని ఆడోళ్లు, ముసలోళ్లు, పిల్లలు అందరూ అక్కడికి వస్తారు. అందరూ ఒక్కసారే నోరు తెరిచేది పాట దగ్గరే. ఆ నోట్లో ఏ మాట ఉందో అడగకుండా ఉద్యమం చేస్తామా?

ఈ వారం నేను చెప్పేది ఒక్కటే. సంఘమంతా కలిసి పాడే కొత్త కీర్తనలు మనమే రాసుకోవాలి. మన మాటలో, మన దరువు మీద, మన బతుకు గురించి.

పాత పాటలను తక్కువ చేసి మాట్లాడేవాణ్ని కాదు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకం మన ఇళ్లలో బైబిలు పక్కనే ఉంటుంది. అక్షరం రాని మా అమ్మమ్మకు అందులో పాటలు వరసగా నోటికొచ్చేవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటోళ్లు రాగం, తాళం కట్టి ఇచ్చిన పాటలు బడి లేని వాడలకు బడి అయ్యాయి. ఆ మేలు మరువం.

అయితే తేదీలు ఒకసారి చూడండి. చౌదరి బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1830ల్లో క్రైస్తవుడయ్యాడు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం తీసుకున్నది 1866లో. కరువు తర్వాత అదే ప్రాంతంలో గుండ్లకమ్మ నది దగ్గర 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందింది 1878 జులై 3న. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. అంటే పాట నడక, భాష ముందే స్థిరపడింది. మందిరాన్ని నింపిన జనం తర్వాత వచ్చారు. సంస్కృతం కలిసిన తెలుగు, కర్ణాటక రాగాలు పవిత్రం అయ్యాయి. మన దరువు, మన యాస గుమ్మం బయట చెప్పుల పక్కన నిలబడ్డాయి.

డప్పు సంగతి విడిగా చెప్పాలి. ఆ రోజుల్లో మన తాతలు డప్పు వదిలేయడం తిరుగుబాటు. ఊరి జాతరకు, దొర ఇంటి చావుకు వెట్టిగా కొట్టమని మొండికేశారు. దానికి దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. వాళ్లకు దండం. కానీ దొర కోసం కొట్టకపోవడం వేరు, దేవుని కోసం కొట్టుకోనివ్వకపోవడం వేరు. కొన్నేళ్ల కింద ఒక సంఘంలో క్రిస్మస్‌కు డప్పు తెస్తామంటే "అది లోక సంబంధమైంది" అని ఆపేశారు. పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి. అదే సంఘంలో ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద వేలితో తడితే డప్పు మోత వస్తుంది. దానికి అభ్యంతరం లేదు. తోలు మీద మాదిగోడి చెయ్యి పడితే లోకం, ప్లాస్టిక్ మీద పడితే ఆరాధనా?

కొత్త పాటలు రావడం లేదా అంటే, వారానికి పది వస్తున్నాయి. స్టూడియోలో తయారై, ఫోనులో వచ్చి, ఆదివారానికి స్టేజీ మీదికి ఎక్కుతున్నాయి. గాయకుడి గొంతుకు సరిపోయే ఎత్తు, మధ్యలో పొడుగు మ్యూజిక్ బిట్లు, ఎక్కడ అందుకోవాలో తెలియని మలుపులు. మైకు పట్టుకున్న నలుగురు పాడతారు, మిగతా జనం చప్పట్లు కొడతారు. కరెంటు పోతే పాట కూడా పోతుంది. మాట చూస్తే "నేను, నాకు, నా దీవెన". "మేము" అనే మాట కరువైంది. సంఘం అంటేనే మేము కదా!

ఇంకో లోటు ఉంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. బండ కూలి ఒకరిద్దరు పోయిన రోజులు లెక్కపెడితే ఈ పోస్టు సరిపోదు. మేము సంతాప కూడికల్లో పాడేది "పరలోకం చేరినాడు" అనే తీరు పాటలే. ఓదార్పు కావాలి, కాదనను. కానీ ఆ బండ ఎందుకు కూలింది ప్రభువా అని అడిగే పాట నేను మా మందిరంలో ఇంతవరకూ పాడలేదు. బైబిల్లో కీర్తనల గ్రంథం నిండా అలాంటి ఏడుపులు, నిలదీతలు ఉన్నాయి. దావీదు అడిగితే భక్తి, బొగ్గుబాయి కార్మికుని పెండ్లాం అడిగితే అవిశ్వాసమా?

ఇది కొత్త కోరిక కాదు. నిర్గమకాండం 15వ అధ్యాయం తీయండి. సముద్రం దాటినాక మిర్యాము తంబుర చేతపట్టి ఆడోళ్లను వెంటేసుకుని పాడింది. ఇటుకలు కోసి కోసి అరిగిన వెట్టోళ్ల పాట అది. బలవంతులను గద్దెల మీంచి దించే దేవుణ్ని మరియ పాడింది లూకా మొదటి అధ్యాయంలో ఉంది. మన కరీంనగర్, మెదక్ వైపు సువార్త తెచ్చిన వెస్లియన్ మిషన్ చరిత్ర చూసినా అంతే. 1739లో ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో ఆ ఉద్యమం ఆరుబయట ప్రసంగాలు మొదలుపెట్టింది ఎవరి మధ్యో తెలుసా? బొగ్గుగని కార్మికుల మధ్య. జాన్ వెస్లీ తమ్ముడు చార్లెస్ వేల కీర్తనలు రాశాడు. జనం కలిసి పాడటమే ఆ ఉద్యమానికి ఊపిరి. వేల్సులో బొగ్గు లోయ అయిన రొండా పేరు పెట్టుకున్న కీర్తన వరస 1907లో పుట్టింది. దాన్ని కట్టిన జాన్ హ్యూస్ గని ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ల లోయ పేరు కీర్తనలోకి ఎక్కింది. మన కాసిపేట పేరు ఎందుకెక్కదు?

వేరే రాష్ట్రం చూడండి. మదురైలో థియొఫిలస్ అప్పావు (1940–2005) అనే దళిత పాస్టరు, వేదాంత గురువు జానపద వరసల మీద, పల్లె తమిళంలో ఆరాధన పాటలు కట్టాడు. సంగీతంలోనూ కులం ఉందని తేల్చి చెప్పాడు. మనకు జాషువా లాంటి మహాకవి ఉన్నాడు. "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది పద్యం, చదువుకునేది. వాడంతా గొంతు కలిపేది వేరే కావాలి.

ఎట్లా రాయాలి? పండితుడు అక్కర్లేదు. నాట్లేసే ఆడోళ్లు రోజూ చేసే పనే. ఒకరు ఎత్తుకోవాలి, పదిమంది అందుకోవాలి. ఒక్క ఊపిరిలో అయిపోయే చరణం. ముసలమ్మకూ పదేళ్ల పిల్లకూ అందే ఎత్తు. కీబోర్డు లేకుండా రెండోసారికే జనం నోట్లో పడితే అది సంఘం పాట, పడకపోతే చించేసి మళ్లీ రాయాలి. మేము కొందరం కూచుని కట్టుకున్నది ఒకటి పెడుతున్నా:

ఎవలు దిగిన్రు మనతోని బాయిలకు?
– ఏసయ్య దిగిండు మనతోని
ఎవలు నడిచిన్రు చీకట్ల ముందట?
– ఏసయ్య నడిచిండు మనతోని
నైట్ షిఫ్టు పోయినోళ్లను, తండ్రీ
– పానంతోని ఇల్లు చేర్చు
బండ కింద ఒరిగినోళ్ల లెక్క, తండ్రీ
– అడుగుతాం, జవాబు జెప్పించు

"ఇది విప్లవ పాట లెక్క ఉంది" అన్నాడు ఒక పెద్దాయన. అయితే ఏమైంది? గూడ అంజయ్య మన జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టినోడే. ఆయన పాట దేశమంతా తిరిగింది మన ఇంటి మాటలో ఉన్నందుకే. ఆ మాట ధర్నాలో పనికొస్తే ప్రార్థనలో పనికిరాదా? దేవునికి తెలంగాణ తెలుగు అర్థం కాదా?

"మందిరంలో కులం ఊసు ఎందుకు" అనేది రెండో ప్రశ్న. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను ఎస్సీలుగా చేర్చుకుంది. క్రైస్తవ దళితులను మాత్రం ఇప్పటికీ బయటే నిలబెట్టింది. ఊరు మన కులం మరువలేదు, కాగితం మన గాయాన్ని ఒప్పుకోలేదు. ఈ రెండిటి మధ్య నలిగే జనం ఆదివారం కూడా ఆ సంగతి నోటితో అనలేకపోతే ఇంకెక్కడ అంటారు?

పాస్టరన్నలారా, ఆరాధనలో ఒక్క పాట జాగా ఇవ్వండి. యూత్ తమ్ముళ్లారా, ట్రాకు ఒక వారం పక్కన పెట్టి మీ వాడ ముసలమ్మ దగ్గర కూచోండి. అక్కలారా, మీ నోట్లో ఉన్న వరసలు కాగితం మీదికి రానియ్యండి. రాసింది నాకు పంపితే ఇక్కడ పెడతా, మీ పేరుతోనే.

వచ్చే వారం: మన సమాధుల తోటల్లో కులం గోడలు.