నేల కింద బొమ్మ ఎవరు గీస్తున్నారు?

తొలకరి వాన పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. వజ్రం కోసం. పత్తికొండ ప్రాంతం వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కానీ ఇదే నేలని ఇంకొకరు కూడా వెతుకుతున్నారు. వాళ్ళకి తల వంచే పని లేదు. ఎక్కడో నగరంలో ఏసీ గదిలో కూర్చుని, మన చేను కింద రాయిని కంప్యూటర్ తెర మీద పైకీ కిందికీ పక్కకీ తిప్పి చూస్తారు. పైనుంచి 200 మీటర్ల లోతు దాకా ఏ రాయి ఎటు వాలిందో, ఎక్కడ బంగారం ఉందో రంగులతో కనపడుతుంది. దాన్ని త్రీడీ జియలాజికల్ మోడల్ అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే నేల కింద బొమ్మ.

మిత్రులారా, ఈసారి ఆ బొమ్మ గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే గని ఎక్కడ రావాలో, ఎంత లోతు పోవాలో, రాళ్ళ దిబ్బ ఎక్కడ పోయాలో, ఏ తాండా అడ్డమో ముందు తేలేది అక్కడే. గ్రామసభ తర్వాత వస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణ ఇంకా తర్వాత వస్తుంది. మన దగ్గరికి కాగితం వచ్చేసరికి బొమ్మ ఎప్పుడో పూర్తయి ఉంటుంది.

అసలు ఆ బొమ్మ ఎలా తయారవుతుంది? మనకు తెలిసిన బోరుబావితోనే మొదలుపెడదాం. కంపెనీ వేసే బోరు నీళ్ళ కోసం కాదు. వజ్రపు పళ్ళున్న బిట్టుతో రాయిని కోసుకుంటూ పోయి, మన మణికట్టంత లావు రాతి కడ్డీని పైకి తీస్తారు. దాన్ని కోర్ అంటారు. పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ లోతున ఏ రాయి వచ్చిందో రాసుకుంటారు. సగం కోసి ల్యాబుకు పంపిస్తారు. టన్ను రాయిలో ఎన్ని గ్రాముల బంగారం ఉందో ల్యాబు చెప్తుంది. బోరు ఎక్కడ వేశారు, ఎటు వంచి వేశారు, ఏ లోతున ఏమి దొరికింది, ఈ లెక్కలన్నీ లీప్‌ఫ్రాగ్, సర్పాక్, డేటామైన్, మైక్రోమైన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు. అది ఒక బోరుకీ ఇంకో బోరుకీ మధ్య గీతలు కలిపి, ఖనిజం ఉన్న భాగానికి ఒక ఆకారం ఇస్తుంది. ఆ తర్వాత నేలనంతా ఇటుకల పేర్పులాగా చిన్న చిన్న దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కో దిమ్మెకు ఒక్కో అంకె వేస్తుంది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. బోరు వేసిన చోట ఏముందో తెలుసు. రెండు బోర్ల మధ్య ఏముందో ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు, అంచనా వేస్తారు. ఆ అంచనా పద్ధతి పేరు క్రిగింగ్. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రిగ్ అనే ఇంజనీరు 1950ల్లో మొదలుపెట్టాడు, ఫ్రాన్సు దేశపు జార్జ్ మాథెరాన్ దానికి గణిత శాస్త్రం కట్టాడు. దగ్గరి బోరుకు ఎక్కువ విలువ, దూరపు బోరుకు తక్కువ విలువ ఇచ్చి లెక్క కట్టడం దాని సారాంశం. మంచి శాస్త్రమే, కాదనం. కానీ అంచనా అంచనానే. పక్క చేన్లో నీళ్ళు పడినాయని మన చేన్లో బోరు వేసి అప్పుల పాలైన కుటుంబం లేని ఊరు సీమలో ఒకటైనా ఉందా? 20 గజాల దూరంలో నీళ్ళు ఎందుకు పడలేదో మన నాయనకు తెలుసు. నేల గీతలు గీసినట్టు ఉండదని తెలుసు.

రాయిని బట్టి కూడా నమ్మకం మారుతుంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం సున్నపురాయి జాతి పొరల్లో పరుపులాగా పరుచుకుని ఉంది. అలాంటి చోట కొన్ని బోర్లతో కూడా బొమ్మ కొంత సరిగ్గానే వస్తుంది. బంగారం అలా కాదు. రాతి పగుళ్ళలో, తెల్లరాయి ఈనెల్లో అక్కడొక నలుసు ఇక్కడొక నలుసుగా ఉంటుంది. ఒక కోర్‌లో పడిన చిన్న బంగారు పలుకు చుట్టూ ఉన్న దిమ్మెలన్నిటి అంకెనీ పెంచేయగలదు. 'ఇన్ని టన్నుల బంగారం ఉంది' అని పేపర్లో చదివినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎన్ని బోర్లు వేశారు, ఎంతెంత దూరంలో వేశారు?

బొమ్మ అందంగా ఉన్నంత మాత్రాన నిజం కాదని ప్రపంచం ఒకసారి చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. ఇండోనేషియాలోని బోర్నియో దీవిలో, దాయక్ ఆదివాసుల ప్రాంతంలో, బుసాంగ్ అనే చోట భూమిలో లెక్కలేనంత బంగారం ఉందని బ్రెక్స్ అనే కెనడా కంపెనీ చెప్పింది. షేర్లు ఆకాశానికి పోయాయి. 1997లో నిజం బయటపడింది. రాతి నమూనాల్లో ఎవరో బంగారు పొడి కలిపారు. అక్కడ తవ్వి తీసేంత బంగారమే లేదు. సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, తనకు పెట్టింది తిని లెక్క అప్పజెప్పింది. అందుకే బొమ్మను చూపించి 'ఇది సైన్స్, మీకు అర్థం కాదు' అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గొద్దు. బొమ్మ కింద ఉన్న బోర్ల లెక్క చూపించమని అడగండి.

అయితే అంచనా తప్పవడం కంటే మనకు పెద్ద సమస్య ఇంకోటి ఉంది. ఆ బొమ్మలో ఏమి పెట్టరు అన్నది. ఆ దిమ్మెల పట్టికలో బంగారానికి గడి ఉంటుంది, రాయి బరువుకు గడి ఉంటుంది. మన బోర్ల నీటిమట్టానికి గడి ఉండదు. వంక ఏ నెల దాకా పారుతుందో ఉండదు. మేకలు మేసే గుట్టకు, సేవాలాల్ గుడికి, మన పెద్దలను పూడ్చిన చోటుకు ఉండదు. 'ఇంత గ్రేడు పైన ఉంటే ఖనిజం, కింద ఉంటే వ్యర్థం' అని ఒక గీత గీస్తారు. దాన్ని కటాఫ్ అంటారు. ఆ గీత నేలలో లేదు, మార్కెట్లో ఉంది. బంగారం ధర పెరిగితే గీత కిందికి దిగుతుంది, నిన్నటి వ్యర్థం ఇవాళ ఖనిజమవుతుంది, గుంత పెద్దదవుతుంది. లండన్‌లో ధర మారితే తుగ్గలిలో చేను పోతుంది.

జొన్నగిరిలో ఈ లెక్క ఇప్పటికే నడుస్తోంది. జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి గ్రామాల పరిధిలో జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీకి 2013లో సుమారు 600 హెక్టార్ల మీద మైనింగ్ లీజు వచ్చింది. దక్కన్ గోల్డ్ మైన్స్ అందులో పెద్ద వాటాదారు. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ప్రైవేటు బంగారు గని అని గొప్పగా రాస్తున్నారు. ఇది షేర్ మార్కెట్‌కు తెలిసిన సంగతి. చుట్టుపక్కల తాండాల్లో ఎంతమందికి ఆ గుంత చివరికి ఎంత లోతు పోతుందో తెలుసు? దాని నీటి ప్రభావం ఎన్ని కిలోమీటర్లు పాకుతుందో తెలుసు?

యురేనియం సంగతి ఇంకా ఘోరం. పత్తికొండకు పక్కనే, దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ రిజర్వు అడవిలో 68 బోర్లు వేస్తామని అణు ఖనిజాల సంస్థ ఏఎండీ అనుమతి తెచ్చుకుంది. 2024 నవంబరులో చుట్టుపక్కల ఊళ్ళ జనం రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆపుతున్నామని ప్రకటించింది. అది జనం గెలుపు. అప్పుడు అధికారులు పదే పదే చెప్పిన మాట గుర్తుందా? 'ఇది తవ్వకం కాదు, పరీక్ష మాత్రమే.' నల్లమలలో కూడా ఇదే మాట. అమ్రాబాద్ పులుల అడవిలో, చెంచుల ఇలాకాలో, 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు. అదీ 'పరీక్ష మాత్రమే'. 2019లో తెలంగాణ అంతా లేచి నిలబడి, శాసనసభ తీర్మానం చేసేదాకా పోరాడితే ఆగింది. పరీక్ష అంటే ఏమిటో ఇప్పుడు మనకు అర్థమైంది గదా. ప్రతి బోరూ బొమ్మలో ఒక గీత. గీతలు నిండితే గని ఖాయం.

గని వచ్చాక ఏమవుతుందో తుమ్మలపల్లె చెప్తుంది. అక్కడ గని 2012లో మొదలైంది. శుద్ధి చేశాక మిగిలిన బురదను నింపే చెరువు నుంచి విషం ఇంకి బోర్లు చెడిపోయాయని, అరటి తోటలు పోయాయని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. ఖనిజం పొర ఏ వాలులో ఉందో అంగుళాలతో లెక్కగట్టిన వాళ్ళు, ఆ చెరువు కింద నీళ్ళు ఎటు పారుతాయో ఊరికి ముందే ఎందుకు చూపించలేదు? లెక్క రాక కాదు. అడిగేవాళ్ళు లేరనుకున్నారు.

మన సీమ తాండాలకు ఇంకో కష్టం ఉంది. కర్నూలు, కడప ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. 1997 నాటి సమతా తీర్పు ఇక్కడ మన భూమికి కంచె కాదు. పీసా చట్టం ఇక్కడ లేదు. మనం ఎస్టీలమే, మన నేల మాత్రం షెడ్యూలు నేల కాదు. మిగిలింది 2006 అటవీ హక్కుల చట్టం. అది షెడ్యూలు ప్రాంతమా కాదా అని చూడదు, అడవి ఉన్నచోటల్లా వర్తిస్తుంది. ఆ చట్టాన్ని పట్టుకునే 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్నాయి. కానీ దారులు ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, అన్వేషణ సర్వేలను అటవీయేతర పని కిందికి రాకుండా తప్పించే వీలు కేంద్రం తన చేతిలో పెట్టుకుంది. 2025 సెప్టెంబరులో అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అంటే రేపు యురేనియం గని వస్తే మైకు ముందు నిలబడి వద్దు అని చెప్పే ఒక్క రోజు కూడా మనకు ఉండదు. అందుకే బొమ్మ గీసే దశలోనే మనం లోపలికి పోవాలి.

'చదువుకున్న వాళ్ళకే ఇవి అర్థమవుతాయి' అనే మాటను మన నేలే అబద్ధం చేసింది. 2000ల్లో కర్నూలు, కడప, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల పథకం నడిచింది. పెద్దగా చదువుకోని ఆడవాళ్ళు, మగవాళ్ళు బోర్ల నీటిమట్టం తామే కొలిచారు, వాన తామే కొలిచారు, గోడ మీద రాసుకున్నారు, ఈ ఏడు ఏ పంటకు నీళ్ళు సరిపోతాయో బడ్జెట్ వేసుకున్నారు. అంటే నేల కింద లెక్కను జనమే కట్టారు. దానికి డిగ్రీలు అడ్డం రాలేదు.

ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి, చాలామంది చూసే ఉంటారు. 2,200 ఏళ్ళు దాటిన ఆ రాతలో, రజ్జుకుడు అనే అధికారి పల్లె జనానికి ఈ మాట తెలియజెప్పాలని ఆజ్ఞ ఉంది. రాజు కూడా బండ మీద చెక్కించి ఊరుకోలేదు, జనానికి చేరాలన్నాడు. ఇప్పుడు అదే బండ కింద ఏముందో జనానికి చెప్పాలని ఏ అధికారికీ ఆజ్ఞ లేదు. కేంద్ర గనుల శాఖ 2023 డిసెంబరులో నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ అనే పోర్టల్ తెరిచింది. కంపెనీలు వేలంలో పాడుకోడానికి పనికొచ్చే సమాచారం ఒక్కచోట పెట్టింది. అది తెలుగులో తాండాకు ఎప్పుడు వస్తుంది?

మా డిమాండ్లు సూటిగా ఇవి. ఒక్క బోరు వేయకముందే ఎక్కడెక్కడ వేస్తారో, ఎంత లోతు వేస్తారో గ్రామసభలో తెలుగులో చెప్పాలి. ఆ గ్రామసభ సగం తాండా సుగ్గికి పోయిన నెలల్లో పెట్టకూడదు. ఖనిజం బొమ్మతో పాటు నీటి బొమ్మ కూడా గీసి చూపించాలి. గుంత దిగితే ఏ ఊరి బోరు ఎంత దిగుతుందో రాసి సంతకం పెట్టాలి. పరీక్ష అయిపోయిన బోర్లను సిమెంటుతో మూశారా లేదా ఊరివాళ్ళ ముందు చూపించాలి. మోడల్ మారినప్పుడల్లా, కటాఫ్ మారినప్పుడల్లా కొత్త గుంత హద్దులు పంచాయతీకి పంపాలి.

ఇక యువతకు ఒక పని. మనలో ఇంజనీరింగ్, డిగ్రీ చదివిన పిల్లలు ప్రతి తాండాలో ఉన్నారు. క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. మూడు కొలతల భూగర్భ బొమ్మలు గీసే జెమ్‌పై కూడా ఉచితమే. మొదట ఫోన్ పట్టుకుని తాండా చుట్టూ నడవండి. ప్రతి బోరు, దాని లోతు, ఏ అడుగున నీళ్ళు పడ్డాయి, ఏ ఏడు ఎండిపోయింది, వంక, మేత గుట్ట, గుడి, సమాధులు అన్నీ గుర్తు పెట్టండి. నాయక్‌ని, ముసలి అవ్వలని వెంట పెట్టుకుని పోండి, వాళ్ళకు తెలిసినంత ఏ సర్వే నంబరుకూ తెలీదు. అడవి మీద సాగు, మేత హక్కు ఉన్నవాళ్ళు అదే పటంతో అటవీ హక్కుల క్లెయిమ్ పెట్టండి. ఇవాళ కొలిచి, తేదీ వేసి పెట్టిన నీటిమట్టం రేపు గని వచ్చాక కోర్టులో సాక్ష్యం. కొలవకపోతే, 'మీ బోరు ముందు నుంచీ ఎండిందే' అంటారు. అప్పుడు మన నోటి మాట తప్ప ఏమీ మిగలదు.

వాళ్ళ బొమ్మలో మనం లేము. మన బొమ్మ మనం గీసుకుందాం, ఈ ఎండాకాలం లోపే.