గడ్డల సంగతి చెప్పారు, నెలసరి సంగతి చెప్పలేదు

"పొట్ట కొయ్యరు, కుట్లుండవు, రెండ్రోజుల్లో ఇంటికెళ్ళిపోవచ్చు." ఎంబొలైజేషన్ గురించి నాకు హాస్పిటల్లో చెప్పింది ఇంతే. అబద్ధమేమీ కాదు. తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గర్భసంచిలోని ఫైబ్రాయిడ్లకి వెళ్ళే రక్తాన్ని ఇసుక రేణువుల్లాంటి వాటితో ఆపేస్తారు. రక్తం అందక గడ్డలు కుంచించుకుపోతాయి. మొదటి రాత్రి నొప్పికి ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. మూడు వారాలు నీళ్ళలా డిశ్చార్జి. ఆ నెల పీరియడ్ రాలేదు, పై నెలా రాలేదు. నాకు 46 ఏళ్ళు. క్యాలెండర్ ముందు నిలబడి వేళ్ళు లెక్కపెట్టుకుంటుంటే అత్తయ్య "ఆగిపోయిందేమోలే, పీడా పోయింది" అన్నారు. మూడో నెల ఓ రోజు మాంసం ముక్కలాంటిది పడింది. బాత్రూంలోనే చతికిలబడిపోయాను.

పరుగెత్తుకెళ్తే డాక్టరుగారు తాపీగా చెప్పారు. మొదటి కొన్ని నెలలు నెలసరి తప్పడం మామూలేనట. చచ్చిపోయిన గడ్డ ముక్క ఒక్కోసారి అలా బయటికొస్తుందట. 45 దాటినవాళ్ళలో కొందరికి పూర్తిగా ఆగిపోవచ్చు, 40 లోపు వాళ్ళకి అది అరుదు. దుర్వాసన, జ్వరం ఉంటే మాత్రం వెంటనే రావాలి. మొత్తం రెండు నిమిషాల మాట! అదేదో ముందే చెబితే ఏం పోయేది?

వైద్యం మంచిది కాదని నేననను. ఒకప్పుడు రెండేసి ప్యాడ్లు పెట్టుకుని, ముదురు రంగు చీర కట్టుకుంటే తప్ప పెళ్ళికెళ్ళని దాన్ని. ఇప్పుడు వస్తే మూడు రోజులు, అదీ కొంచెమే. నా బాధల్లా చెప్పకపోవడం గురించి. నా కథ విన్న పక్కింటావిడ ఏమందో తెలుసా? "అందుకే గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. అందరూ అవసరమయ్యే తీయించుకున్నారా? ముందే చెప్పి ఉంటే మామూలు అనిపించేది, చెప్పకపోతే భయమవుతుంది. ఆ భయం మనల్ని ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్తుంది.

మా ఆడపడుచుకి వచ్చే వారం స్కానింగ్. తనకి 38, ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది. అలాంటప్పుడు ఈ పద్ధతి తగునో లేదో ముందు అడగాలి. పాత క్యాలెండర్ కాగితం వెనకాల ప్రశ్నలు రాసి ఇచ్చాను. మొదటిది: "నా నెలసరి ఏమవుతుంది డాక్టర్?"