పరీక్షలన్నీ బాగుంటేనే ఫైబ్రోమయాల్జియానా?



రక్తపరీక్షల్లో ఏదీ తేలనప్పుడు మిగిలే పేరే ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నొప్పుల వ్యాధి) అన్న గత సంచిక వ్యాసంలోని మాట సరికాదు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒంటిపై 18 చోట్ల నొక్కి చూసి, 11 చోట్ల నొప్పి ఉంటేనే ఈ వ్యాధిగా వర్గీకరించగా, 2010లో ఆ నొక్కుడు పరీక్షను పక్కనపెట్టి, నొప్పి పాకిన భాగాల లెక్కకు అలసట, నిద్ర లేచినా తీరని బడలిక, మతిమరుపుల తీవ్రతను జోడించింది. 2016 సవరణ, శరీరంలోని 5 ప్రాంతాల్లో కనీసం 4 చోట్ల నొప్పి ఉండాలంటూనే, మరో జబ్బు ఉన్నంతమాత్రాన ఈ నిర్ధారణ చెల్లకుండా పోదని తేల్చింది.

ఆటోనగర్‌లో లేత్ మిషన్ ముందు రోజంతా నిలబడే కార్మికుడి భుజంనొప్పి వట్టి శ్రమ ఫలితమే కావచ్చు. థైరాయిడ్ లోపమూ ఒళ్ళునొప్పులు తెస్తుంది గనుక ఆ పరీక్షా వృథా కాదు. అయితే 3 నెలలుగా ఒళ్ళంతా నొప్పి అంటున్నవాణ్ణి ‘ఏమీ లేదు’ అని పంపేయడం వైద్యం కాదు, సాగనంపడం. నొప్పి ఉన్న భాగాలను గుర్తుపెట్టే కాగితాన్ని వైద్యులు తొలిసారే రోగి చేతికివ్వాలని మనవి.

— ఒక పాఠకుడు, ఆటోనగర్, విశాఖపట్నం